గోడ నాడి తెలిసిన చెయ్యి

కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు వానలు పట్టుకున్నాక ఇళ్ళలో ఒక రంగు బయటపడుతుంది. హాలు సీలింగు మీద కాఫీ రంగు వలయం, బీరువా వెనక గోడకి పొడిపొడిగా మచ్చలు, బాత్రూం టైల్స్ మీద ఇటుక రంగు చార, సన్‌షేడ్ అడుగున తుప్పు గీత. అన్నిటినీ కలిపి "మరకలు పడ్డాయి" అనేస్తాం. కొట్టుకి వెళ్ళి ఏదో సీసా తెచ్చి రుద్దుతాం. పోకపోతే పెయింటరుని పిలిచి దానిమీదే ఇంకో కోటు వేయిస్తాం. మళ్ళీ వానాకాలానికి అదే మరక, అదే చోట, ఇంకాస్త వెడల్పుగా.

కాకినాడలో ఈ పని క్షుణ్ణంగా తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. తాపీ పనీ రంగుల పనీ రెండూ చేతిలో ఉన్న మనిషి. ఆయన సంచీలో మందు సీసాలు అడుగున పడి ఉంటాయి. పైన ఉండేవి టార్చిలైటు, పెన్సిలు, చిన్న సుత్తి, మేకు, పాలిథీన్ ముక్క, టేపు. మరక ఎక్కడినుంచి పుట్టిందో తేలేదాకా ఆయన చెయ్యి అడుక్కి వెళ్ళదు. పైకి మామూలు జాగ్రత్తలా కనిపించే ఈ పద్ధతిలో ఎంత పనితనం ఉందో దగ్గరనుంచి చూస్తేగాని తెలియదు.

ఒకటే రంగు, పుట్టుకలు వేరు

గోధుమరంగు మరకల్లో మొదటి రకం నీటి వలయం. మధ్యలో లేతగా, అంచున ముదురుగా ఉంటుంది. స్లాబులోంచి దిగే నీరు దారిలో సిమెంటు లవణాలనీ, దుమ్మునీ, పాత రంగులో కరిగేవాటినీ కలుపుకుని వస్తుంది. తడి అంచు దగ్గర నీరు తొందరగా ఆవిరైపోతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకి పాకుతూ తనలో కలిసినదంతా అక్కడికి మోసుకుపోతుంది. కాఫీ చుక్క ఎండినప్పుడు అంచునే ముదురు గీత మిగలడానికి ఇదే కారణమని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో 'నేచర్' పత్రికలో వివరించారు. మేస్త్రి ఈ గీతల్ని లెక్కపెడతారు. ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు ఉంటే, ఆ చోటు కనీసం మూడుసార్లు తడిసి ఆరిందని అర్థం. అంటే పైన గొట్టం పగిలి ఏకధారగా కారడం లేదు. ఎవరో నీళ్ళు వాడినప్పుడో, వాన పడినప్పుడో వచ్చిపోతోంది.

రెండోది బూజు. దీనికి వలయం ఉండదు. చుక్కచుక్కగా మొదలై చుక్కలు కలిసిపోయి అట్ట కడుతుంది. గాలి ఆడని మూలల్లో, బయటి గోడకి ఆనించిన బీరువా వెనక, ఏసీ గదికి ఆనుకున్న వంటింటి గోడ మీద కనిపిస్తుంది. ఏసీ చల్లబరిచిన గోడ అవతలి ముఖాన వంటింటి ఆవిరి తగిలి చెమరుస్తుంది కాబట్టి ఆ గోడ ఎంత కొత్తదైనా బూజు పట్టొచ్చు. క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా వంటి బూజుల కణాల గోడల్లో మెలనిన్ ఉంటుంది. మన చర్మానికీ జుట్టుకీ రంగునిచ్చే మెలనిన్ కుటుంబానిదే అది. వాటికి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగునుంచి నలుపుదాకా వచ్చేది దానివల్లే. అయితే రంగు చూసి ఇది ఫలానా బూజు అని ఎవరూ చెప్పలేరు, అందుకు సూక్ష్మదర్శిని కావాలి. ఇంటిపనికి ఆ పేరుతో అవసరమూ లేదు. ఏ బూజైనా తీసే పద్ధతి ఒకటే.

మూడోది తుప్పు. స్లాబు అడుగున తిన్నని గీతగానో, గళ్ళుగానో కనిపిస్తే అది లోపలి ఇనుప చువ్వల వరసే. మంచి కాంక్రీటు క్షారగుణం చువ్వకి కాపలా కాస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ క్షారాన్ని ఏళ్ళ తరబడి తినేస్తే, లేదా సముద్రగాలిలోని ఉప్పు లోపలికి దిగితే, కాపలా పోతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటుని లోపలినుంచే పగలగొడుతుంది. అక్కడ మరక తుడవడం కాదు, పెచ్చు మీద పడకుండా చూసుకోవడం ముఖ్యం.

నాలుగోది బోరునీటి చార. భూమిలోని నీటిలో కరిగి ఉన్నంతసేపు ఇనుముకి రంగు ఉండదు. పంపులోంచి బయటపడి గాలి తగలగానే ఎర్రమట్టి రంగుకి మారుతుంది. లీటరు నీటిలో 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, బట్టలకీ బాత్రూం సామానుకీ మరక పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇవి కాక వంటింట్లో నూనెపొగ జిడ్డు, తడిసిన దూలంనుంచి కారే చెక్కరసం, గోడ వెంబడి చెదలు కట్టే మట్టిగొట్టం ఉన్నాయి. చివరిది మరకలా కనిపిస్తుంది గానీ గోటితో గీకితే పొడి రాలుతుంది. అది కనబడితే మేస్త్రి తన సంచీ సర్దుకుని చెదలమందు వేసేవాళ్ళని పిలవమంటారు.

చుక్క పరీక్ష, పాలిథీన్ పరీక్ష

కంటికి తేలనిచోట ఆయన చుక్కని అడుగుతారు. మచ్చ అంచున, కనిపించని చోట, పలచని బ్లీచింగ్ ద్రవం ఒక్క చుక్క పెట్టి చూస్తారు. కాసేపట్లో రంగు వెలిస్తే బూజు. అలాగే ఉంటే మట్టో, తుప్పో. తుప్పని అనుమానం ఉంటే దూరంగా, అలాంటిదే వేరే మచ్చ మీద నిమ్మరసం చుక్క పెడతారు. తుప్పయితే ఆ పులుపుకి మెల్లగా కరుగుతుంది. రెండు చుక్కలూ ఒకేచోట ఎప్పుడూ పెట్టరు. బ్లీచింగులో పులుపు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఈ చిన్న పరీక్ష లేకపోతే ఏమవుతుందో చాలా బాత్రూముల్లో చూడొచ్చు. తుప్పు మరకని బూజనుకుని బ్లీచింగు పోస్తే పోదు సరికదా, మిగిలిన ఇనుముని కూడా అది తుప్పుగా మార్చి మరకని ఇంకా పట్టేలా చేస్తుంది. తెల్లబారుతుందని ఇంకాస్త పోస్తారు, ఇంకాస్త ముదురుతుంది. ఒకదానికి మందు ఇంకోదానికి విషం కావడం ఈ పనిలో రోజూ ఎదురయ్యేదే.

గోడ చెమర్చినప్పుడు చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలోంచి వస్తోందా అన్నది మరో చిక్కు. దానికే పాలిథీన్ ముక్క. గోడని గుడ్డతో తుడిచి, జానెడు ముక్కని నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అతికిస్తారు. మర్నాడు చూస్తే, గోడవైపు చెమట పట్టి ఉంటే నీరు లోపలినుంచి వస్తున్నట్టు. గదివైపు చెమరిస్తే దోషం గాలిది. మొదటిదానికి గొట్టమో, పిట్టగోడ పగులో వెతకాలి. రెండోదానికి బీరువాని గోడకి నాలుగు వేళ్ళ దూరం జరిపి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సగం పని అయిపోయినట్టే.

పై అంతస్తు బాత్రూం

ఆయన పనితనం మొత్తం కనిపించిన కేసు ఒక అపార్ట్‌మెంటులో రిటైరైన టీచరుగారి హాలు సీలింగు. పళ్ళెమంత గోధుమరంగు మరక, లోపల మూడు వలయాలు. అంతకుముందు రెండుసార్లు రంగు వేయించారు, రెండుసార్లూ తిరిగొచ్చింది.

మేస్త్రి స్టూలెక్కి టార్చిని సీలింగుకి దాదాపు ఆనించి పక్కకి వెలుగు కొట్టారు. ఎదురుగా వెలుగు వేస్తే రంగు మాత్రమే కనిపిస్తుంది. పక్కనుంచి వేస్తే లేచిన పొర, ఉబ్బు, వెంట్రుక పగులు అన్నీ నీడలు పడి తేలతాయి. సుత్తి పిడితో చుట్టూ మెల్లగా తట్టారు. మరక బయట గట్టి చప్పుడు, లోపల ఒకచోట డొల్ల. చివరి వలయం అంచు వెంబడి పెన్సిలుతో సన్నగా గీసి పక్కన తేదీ వేశారు. దిగి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"టీచరుగారూ, పైవాళ్ళు బాత్రూం దేంతో కడుగుతారండీ?"

"అదేంటి మేస్త్రిగారూ, మా సీలింగు చూడమంటే వాళ్ళ బాత్రూం సంగతి అడుగుతారేంటి?"

"మరక ఇక్కడుందండీ. పుట్టింది ఇక్కడ కాదేమోనని."

పై ఇంటి బాత్రూంలో బోరునీళ్ళు. కుళాయి కింద టైల్స్ మాత్రం తళతళలాడుతున్నాయి. ఆ ఇల్లాలు శుభ్రం పాటించే మనిషి, ఎర్రచార కనిపించినప్పుడల్లా బాత్రూం యాసిడ్ పోసి కడుగుతారు. మేస్త్రి టైల్స్ వైపు చూడలేదు, వాటి మధ్య జాయింట్లవైపు వంగారు. మేకు మొన ఆనించగానే సందులోకి దిగిపోయింది. యాసిడ్ టైలు పైపూతని పెద్దగా ఏమీ చేయదు గానీ, జాయింట్లలోని సిమెంటుని తినేస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబుని లోతుగా పోసి, గొట్టాలు పరిచి, పైన ఇటుక ముక్కలతో నింపుతారు. సంకెన్ స్లాబు అనేది దీన్నే. జాయింట్లలోంచి దిగిన నీరు ఆ నింపుడులో నిలవ ఉండి, స్లాబులో సందు దొరికినచోట కింది ఇంటికి దిగుతుంది. పై ఇంట్లో ఒక గోధుమరంగు మరకని తీసిన తీరే కింది ఇంట్లో ఇంకో గోధుమరంగు మరకని పుట్టించింది.

ఆయన అంతటితో నమ్మేయలేదు. నేలమీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాపుకి గుడ్డ కుక్కి, నేలమీద రెండు వేళ్ళ మందాన నీళ్ళు నిలబెట్టి ఆ రాత్రికి వదిలేయించారు. మర్నాడు కింద తడి పెన్సిలు గీత దాటింది. వాడిన నీళ్ళు పోయే గొట్టాల దోషమే అయితే కుళాయి వాడని రాత్రి తడి పెరగకూడదు. పై ఇంటివాళ్ళని కిందికి పిలిచి ఆ గీత చూపించారు. వాదన అక్కడితో ఆగింది.

జాయింట్ల పని చూడటానికి చిన్నదే గానీ కన్ను తిప్పుకోనివ్వదు. హాక్సా బ్లేడు ముక్కకి గుడ్డ చుట్టి, ఒక్కో జాయింటులోని పాత సిమెంటుని టైలు అంచు పెచ్చు లేవకుండా గీకి తీశారు. దుమ్ము ఊది, తడి పూర్తిగా ఆరేదాకా ఆ బాత్రూం వాడనివ్వలేదు. తర్వాత ఆ సందుల్లో నింపడానికి ఎపాక్సీ గ్రౌట్, అదీ ఒకేసారి అంతా కలపకుండా కొద్దికొద్దిగా. కలిపాక గట్టిపడటం మొదలవుతుంది, మిగిలింది పనికిరాదు. రబ్బరు పలకతో జాయింటుకి ఏటవాలుగా నొక్కుతూ పోయారు. జాయింటు వెంబడే తిన్నగా లాగితే పలక అంచు లోపల పడి పెట్టిన ముద్దని మళ్ళీ తోడేస్తుంది. తడి స్పాంజితో తుడిచిందీ ఏటవాలుగానే. నహానీ చుట్టూ, గోడా నేలా కలిసే మూలా రెండోసారి చూసుకున్నారు, నీరు వెతుక్కునే దారులు అవే కాబట్టి.

ఎర్రచార కోసం ఆ ఇల్లాలికి సిట్రిక్ ఆమ్లం పొడి చెప్పారు. నీళ్ళలో పలచగా కలిపి, కాసేపు ఉంచి, రుద్ది, పుష్కలంగా కడిగేయాలి. అది కూడా ఆమ్లమే కాబట్టి రోజులతరబడి నానబెట్టకూడదు. పాలరాయి ఉన్నచోట అసలు వాడకూడదు, ఆ రాయి ఏ పులుపు తగిలినా మెరుపు పోగొట్టుకుంటుంది. బాగా ముదిరిన తుప్పుకి ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. ఇనుముతో కలిసి నీళ్ళలో కరిగిపోయే పదార్థంగా మార్చి తీసుకుపోతుంది. అయితే అది విషం, గ్లౌజులు లేకుండా ముట్టుకోరు, పిల్లలున్న ఇంట్లో వదిలిపెట్టి రారు.

బూజు తీసే తీరు

జాయింట్లు పూర్తయినా సంకెన్‌లో నిలవ ఉన్న నీరు వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. అందుకే టీచరుగారి సీలింగు పని సంక్రాంతి వెళ్ళాకగాని మొదలుకాలేదు. ఆ వారాల్లో సీలింగుకి ఆయన చేసిందల్లా అప్పుడప్పుడు వచ్చి పాలిథీన్ ముక్క అతికించి చూసి వెళ్ళడం. తొందరపడి రంగు వేయించుకునే ఇంటివాళ్ళకి ఇది పని ఆపేసినట్టు కనిపిస్తుంది. ఊరగాయ జాడీలో తడి గరిటె వదిలేసి, పైన తేలిన బూజు ఎన్నిసార్లు తీసినా ఏం లాభం? గోడ సంగతీ అంతే.

ఈలోపు అదే ఇంట్లో బీరువా వెనక బూజు పట్టిన గోడ పని జరిగింది. పొడి చీపురుతోనో, పొడి బ్రష్‌తోనో బూజుని దులపడం అందరం చేసే పని, ఆయన చేయనిది. దులిపితే బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. ముక్కుకి ఎన్‌-95 మాస్కు, చేతులకి గ్లౌజులు వేసుకుని, గది తలుపు మూసి కిటికీ తెరిచి, ముందు మచ్చమీద సబ్బునీరు సన్నగా పిచికారీ చేస్తారు. తడిసిన బూజు ఎగరదు. తర్వాత గుడ్డతో బయటి అంచునుంచి లోపలికి తుడుస్తారు, మచ్చ వెడల్పు కాకుండా. ప్రతి తుడుపుకీ గుడ్డ మడత మారుతుంది, అన్ని మడతలూ అయ్యాక ఆ గుడ్డని సంచీలో వేసి మూతి కట్టేస్తారు. సబ్బుతో పోని మరక మిగిలితే, నున్నటి గట్టి ఉపరితలం మీద మాత్రం, పదహారు వంతుల నీళ్ళకి ఒక వంతు మించకుండా బ్లీచింగ్ ద్రవం వాడతారు. అందులో యాసిడ్ గానీ, అమోనియా ఉన్న క్లీనరు గానీ చుక్క కూడా కలవనివ్వరు. రంగు వెలిసినంత మాత్రాన ఆయన పని ఆపరు. చచ్చిన బూజు కూడా కొందరికి ఎలర్జీ తెస్తుంది కాబట్టి దాన్ని తుడిచి బయటికి పంపాలి.

జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగుకి బూజు పడితే మాత్రం కడగడం వృథా. దాని మీది కాగితమే బూజుకి మేత, తడి లోపలిదాకా పోయి ఉంటుంది. ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంటివాళ్ళే శుభ్రం చేసుకోవడానికి సుమారు 10 చదరపు అడుగుల్ని హద్దుగా చెబుతుంది. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు పుట్టదనీ చెబుతుంది. మేస్త్రి మాటల్లో అది ఇలా ఉంటుంది: "తడిసిన రోజే ఫ్యాను పెట్టండి, నన్ను పిలవక్కర్లేదు." ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే వాళ్ళని ఆ పూట వేరేచోటికి పంపమంటారు.

అతుకు కనిపించకుండా

సీలింగు ఆరిందని తేలాక డొల్ల భాగాన్ని తాపీ అంచుతో గీకారు. లోపల చువ్వ బయటపడలేదు. పడి ఉంటే చుట్టూ కొట్టి, తుప్పు గీకి, మెరిసే ఇనుము కనిపించాక ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చేవారు. ఇక్కడ మిగిలింది మరకే. నీళ్ళతో కలిసే రంగు నేరుగా వేస్తే ఆ తడికి పాత మరక మళ్ళీ కరిగి కొత్త రంగులోకి పాకుతుంది. అంతకుముందు రెండు కోట్లూ పాడవడానికి, పైనుంచి దిగిన నీటితోపాటు, ఇదీ ఒక కారణం. ఆయన నూనె ప్రైమరు తీసుకుని, చివరి వలయానికి బెత్తెడు అవతలిదాకా పలచగా ఒక్క పొర వేశారు. చెక్కరసం కారే గుమ్మాల మీద అయితే లక్క పాలిష్ వేస్తారు. లక్క నీటిలో కరగదు, కింది రంగుని పైకి రానివ్వదు.

దాని మీద లప్పం. ఇక్కడే చెయ్యి తెలుస్తుంది. మొదటి పొర గుంట మేరకే. రెండోది దానికన్నా జానెడు వెడల్పు, మూడోది ఇంకాస్త. ప్రతి పొరా అంచుకి వచ్చేసరికి రేకుని కొద్దిగా వంచి, బొటనవేలి ఒత్తిడి తగ్గిస్తూ లాగుతారు, అంచు ఎక్కడ ముగిసిందో వేలికి తగలదు. ఎండాక గరుకు కాగితాన్ని చిన్న చెక్కకి చుట్టి గుండ్రంగా రుద్దుతారు. చేతిలో టార్చి, మొదటి రోజులాగే పక్కనుంచి. నీడ పడినంతసేపు రుద్దుడు ఆగదు. చివరికి రంగు మరక మేరకి కాకుండా గోడనుంచి గోడకి మొత్తం సీలింగుకి వేశారు. ఒకే డబ్బాలోని తెలుపే అయినా పాత తెలుపు పక్కన ముక్కగా వేస్తే అతుకు కనిపిస్తుంది.

సున్నపు ఇళ్ళ సంగతి వేరు

కోనసీమ వైపు పాత మండువా లోగిళ్ళకి పిలిస్తే ఆయన సంచీ మారిపోతుంది. ఆ గోడలు సున్నపు గారతో కట్టినవి. చెమ్మని పీల్చి, మళ్ళీ గాలికి వదులుతాయి. అలాంటి గోడకి ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, రంగు వెనక ఉబ్బులు లేస్తాయి, ఆ ఉబ్బుల్లో బూజు పుడుతుంది. ఆయన ఆ రంగు గీకించి సున్నం వేయిస్తారు. తాజా సున్నపు నీటి క్షారత పీహెచ్ 12 దాటి ఉంటుంది, అందులో బూజు బతకదు. అయితే గాలి తగిలేకొద్దీ సున్నం మెల్లగా సుద్దగా మారి ఆ ఘాటు తగ్గిపోతుంది. మన పెద్దవాళ్ళు ఏటా సంక్రాంతికి ముందు వెల్ల వేయించింది పండగ కళ కోసమే కావచ్చు. ఏటేటా గోడకి కొత్త ఘాటు అందింది కూడా దానివల్లే. వరుసగా కొన్నేళ్ళు మానేసిన ఇళ్ళలో మూలల్లో ముందుగా మచ్చలు పడతాయి.

ఎవరినైనా పనికి పిలిచేటప్పుడు ఈయన పద్ధతిని కొలతగా పెట్టుకోవచ్చు. మరక చూడగానే ఎన్ని లీటర్ల రంగు పడుతుందో చెప్పినవాళ్ళకన్నా, ఎప్పటినుంచి ఉంది, వానకి పెరుగుతుందా, గోడ అవతల ఏముంది, పైన ఎవరున్నారు, దేంతో కడుగుతారు అని అడిగినవాళ్ళ చేతికి ఇల్లు అప్పగించండి. టీచరుగారి బిల్లులో రంగు ఖర్చు చిన్నది. పెద్దది పై ఇంటి జాయింట్లది, అది రెండు ఇళ్ళవాళ్ళూ పంచుకున్నారు. కూలిలో ఆఖరి విడత మాత్రం ఆయన అప్పుడు తీసుకోలేదు. ఒక వానాకాలం గడిచాక, సీలింగు పొడిగా ఉంటే ఇవ్వమన్నారు.